మహమ్మారి కాలంలో పంచాయతీ పోలింగ్ కేంద్రాన్ని ఎలా సిద్ధం చేయాలి?

పంచాయతీ ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా, ఎక్కడో ఒక కొత్త జ్వరం వార్త వినిపించినప్పుడల్లా, మా జిల్లాలో ఎన్నికల విధులు పడే ఉపాధ్యాయులు, పంచాయతీ కార్యదర్శులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, కరోనా ఏడాది బూత్ ఎలా నడిపారు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసిపెట్టడం మేలనిపించింది. 2021 ఫిబ్రవరిలో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా తీర మండలమొకదానిలో ప్రిసైడింగ్ అధికారిగా (పోలింగ్ కేంద్రం బాధ్యుడిగా) పనిచేసిన అనుభవం, ఆ రోజుల్లో ఎన్నికల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు, ఆ తర్వాత విజయనగరం వైపు పనిచేసిన మిత్రులతో మాట్లాడి తెలుసుకున్నవి కలిపి ఇది రాస్తున్నాను.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు ముగిశాక ప్రత్యేకాధికారుల పాలన సాగింది. 2020 మార్చి 15న కరోనా కారణంగా స్థానిక ఎన్నికల ప్రక్రియ వాయిదా పడింది. 2021 జనవరి 25న సుప్రీంకోర్టు అడ్డుచెప్పకపోవడంతో ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా పంచాయతీ పోలింగ్ జరిగింది. తొలి విడతలో విజయనగరం జిల్లా లేదు కాబట్టి అక్కడి సిబ్బందికి పక్క జిల్లాల పొరపాట్లు చూసి నేర్చుకునే అవకాశం కొంత దొరికింది.

అసలు విషయానికి వచ్చే ముందు ఒక హెచ్చరిక. పోలింగ్ కేంద్రం చోటు మార్చడం, పోలింగ్ వేళలు మార్చడం, ఓటరును వెనక్కి పంపడం మీ అధికారంలో లేని పనులు. కేంద్రాన్ని మార్చాలంటే మండల అధికారి ద్వారా జిల్లా ఎన్నికల యంత్రాంగానికి ప్రతిపాదన పంపి, అనుమతి వచ్చి, అది ప్రకటితమైన తర్వాతే కదలాలి. జ్వరం ఉన్నంత మాత్రాన ఎవరికీ ఓటు హక్కు పోదు. ఈ రెండూ మరచిపోయి ఎంత చక్కగా ఏర్పాట్లు చేసినా అవి ఫిర్యాదుగానే ముగుస్తాయి.

కావలసినవి

మామూలు ఎన్నికల సామగ్రి జాబితా మీకు మండల కేంద్రంలోనే ఇస్తారు. దానికి అదనంగా ఇవి చూసుకోండి:

- ఆరడుగుల వెదురు కర్ర ఒకటి, సున్నం ఒక బస్తా, పొడవైన తాడు
- పనిచేసే థర్మల్ స్కానర్లు రెండు, వాటికి అదనపు బ్యాటరీలు
- శానిటైజర్, సబ్బు, మూత, కొళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము
- మాస్కులు: సిబ్బందికి, అభ్యర్థుల ఏజెంట్లకు, మరచిపోయి వచ్చే ఓటర్లకు
- వరుస సంఖ్యలు వేసిన టోకెన్లు రెండు రంగుల్లో
- షామియానా, కుర్చీలు లేదా బల్లలు
- టేబుల్ ఫ్యాను ఒకటి, కాగితాలు ఎగరకుండా పెట్టడానికి గులకరాళ్లు
- బడి పలకలు రెండు, సుద్దముక్కలు
- పాత నూలు గుడ్డలు, చెత్త వేయడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిచ్చే రంగు సంచులు
- పీపీఈ కిట్లు, వ్యాధి సోకినవారు ఓటు వేసే చివరి గంటలో లోపల ఉండే ప్రతి ఒక్కరికీ ఒకటి, పైన మరొకటి

పలకలు ఎందుకని నవ్వకండి, చెబుతాను.

1. చోటును ముందు కాళ్లతో కొలవండి

నోటిఫికేషన్ వచ్చిన వారంలోపే స్వయంగా వెళ్లి చూడండి. మన పల్లెల్లో ప్రతి వార్డుకూ ఒక పోలింగ్ కేంద్రమని కాగితం మీద ఉంటుంది కానీ, పది వార్డుల పంచాయతీలో ఆ పది కేంద్రాలూ ఒకే బడి ఆవరణలో, ఒకే గేటు లోపల ఉండడం సర్వసాధారణం. గదులు వేరైనా గేటు ఒకటే కాబట్టి పది వరుసలు అక్కడే ముడిపడతాయి. అందుకని గదుల కంటే ముందు గేటు చూడండి. రెండో గేటు ఉందా, లేకపోతే ప్రహరీలో మూసేసిన పాత దారి ఏమైనా తెరవవచ్చా అని అడగండి. లోపలికి ఒక దారి, బయటకు ఒక దారి ఉండి తీరాలి.

బడి చాలకపోతే ప్రత్యామ్నాయాలు ఇవి: గ్రామ సచివాలయం, రైతు సేవలకు కట్టిన భవనం, తీరంలోనైతే తుఫాను పునరావాస కేంద్రం. తుఫాను కేంద్రాలకు గాలి బాగా ఆడుతుంది, చుట్టూ ఖాళీ ఉంటుంది. అయితే వాటిలో చాలావరకు స్తంభాల మీద కట్టినవి. మెట్లెక్కలేని వృద్ధులుంటే పైగది పనికిరాదు, కింది భాగాన్ని తడికలతో మూసి వాడుకోవడానికి అనుమతి అడగాలి. అంగన్‌వాడీ గదులు చాలా చిన్నవి; 12 అడుగుల గదిలో నలుగురు సిబ్బంది, ఆరుగురు ఏజెంట్లు కూర్చుంటే ఓటరు నిలబడేందుకు చోటు మిగలదు. కల్యాణ మండపాలు, గుళ్ల ఆవరణలు, అభ్యర్థుల బంధువుల ఇళ్ల పక్క స్థలాలు అసలు ప్రతిపాదించవద్దు.

సాలూరు, పాచిపెంట, కురుపాం, సీతంపేట కొండ ప్రాంతాల్లో సమస్య తలకిందులుగా ఉంటుంది. ఓటర్లు తక్కువే, కానీ మూడు నాలుగు గూడేల వాళ్లు దూరం నుంచి నడిచి గుంపుగా ఒకేసారి దిగుతారు. వాళ్లకు నీళ్లు, నీడ, కూర్చునే చోటు ఉంటే వరుస దానంతట అదే సర్దుకుంటుంది. లేకపోతే అందరూ వరండాలోకే చేరతారు.

2. వరుస ఎంత పొడవు వస్తుందో లెక్క వేయండి

ఈ పనిని ఎవరూ చేయరు. శానిటైజర్ డబ్బాలు లెక్కపెడతారు, మాస్కులు లెక్కపెడతారు, మనుషుల వరుసను మాత్రం దేవుడికి వదిలేస్తారు. నా అభిప్రాయంలో మొత్తం ఏర్పాట్లలో అన్నిటికంటే విలువైనది పావుగంట పట్టే ఈ లెక్కే.

మీ దగ్గర 600 మంది ఓటర్లున్నారనుకోండి. 2021 పంచాయతీ పోలింగ్ ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు జరిగింది, అంటే 540 నిమిషాలు. చివరి గంట వ్యాధిగ్రస్తుల కోసం ఉంచితే 480 నిమిషాలు మిగులుతాయి. నూటికి 80 మంది వస్తే 480 ఓట్లు. నిమిషానికి ఒకరు చొప్పున సరిపోయిందనిపిస్తుంది. కానీ మన ఊళ్లలో జనం సమానంగా రారు. పొలం పనికి, పలాసలో జీడిపప్పు కర్మాగారాలకు, చేపల వేటకు పోవలసినవాళ్లంతా పొద్దున్నే వస్తారు. అందులో సగం మంది, అంటే 240 మంది, 9.30 లోపల వచ్చారనుకుంటే, ఆ 180 నిమిషాల్లో మీరు పంపగలిగింది 180 మందినే. మిగతా 60 మంది వరుసలో ఉంటారు. ఒక్కొక్కరికీ ఆరడుగుల దూరమైతే ఆ వరుస పొడవు 360 అడుగులు. మీ బడి ఆవరణ ఎంత పొడవుందో ఇప్పుడు చూసుకోండి. మీ వార్డులో 250 మందే ఉన్నా, నాలుగు వార్డులు ఒకే గేటు వాడుతుంటే ఆ నాలుగింటి జనాన్నీ కలిపి లెక్క వేయాలి.

దీనికి మూడు మందులున్నాయి, మూడూ కలిపి వాడాలి.

మొదటిది, ఒక్కో ఓటుకు పట్టే సమయం తగ్గించడం. ఓటు వేసే అర ఒక్కటే ఉంటే రెండోది పెట్టించండి. సర్పంచ్‌కు ఒకటి, వార్డు సభ్యుడికి ఒకటి, రెండు బ్యాలెట్ పత్రాలు మడిచి ఇవ్వాలి కాబట్టి ఆ పని మీద ఒక మనిషిని పూర్తిగా కూర్చోబెట్టండి.

రెండోది, నిలబడే వరుసను కూర్చునే వరుసగా మార్చడం. గేటు దగ్గర టోకెను ఇచ్చి, షామియానా కింద ఎడంగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టి, పదేసి సంఖ్యలు పిలవండి. గదుల ముందు సున్నంతో గీసిన గడుల్లో పదిహేను, ఇరవై మందికి మించి నిలబడకూడదు.

మూడోది, రద్దీ తక్కువగా ఉండే వేళలను ముందే ఊరికి చెప్పడం. "మీ వీధి వాళ్లు 11 గంటల తర్వాత వస్తే హాయిగా ఉంటుంది" అని టముకు వేయించవచ్చు. ఇది సలహా మాత్రమే. ఆ వీధి మనిషి ఏడింటికే వచ్చి నిలబడితే ఓటు వేయనివ్వాల్సిందే.

గడులు గీసేటప్పుడు వచ్చే తప్పు ఒకటుంది. సున్నం పోసే మనిషి తన అడుగుతో కొలుస్తాడు, గడికీ గడికీ మధ్య మూడడుగులే వస్తుంది. ఆరడుగులంటే రెండు గజాలు, మనిషి రెండు చేతులూ చాచిన ఒక బార. వెదురు కర్ర అందుకే. సున్నం ముందు రోజు మధ్యాహ్నమే పోస్తే రాత్రి మంచుకు, మేకలకు చెరిగిపోతుంది. సాయంత్రం పోసి, తెల్లవారుజామున మళ్లీ దిద్దించండి.

3. గదిలో గాలి, ఓటులో గోప్యత: రెండూ కుదరాలి

వ్యాధి గాలి ద్వారా వ్యాపించేదైతే కిటికీలు తెరవాలి. ఓటు రహస్యంగా ఉండాలంటే కిటికీ వెనక నుంచి ఎవరూ తొంగిచూడకూడదు. ఈ రెండింటి మధ్య నలిగి, పోయినసారి చాలా బూత్‌లలో ఉదయం కిటికీలు తెరవడం, ఒక ఏజెంటు గొడవ చేయగానే అన్నీ మూసేయడం జరిగింది.

ముందు రోజు సాయంత్రమే ఇలా అమర్చండి. ఓటు వేసే అరను కిటికీ లేని గోడకు ఆనించి పెట్టండి. అలాంటి గోడ లేకపోతే, ఆ ఒక్క కిటికీకి అడుగున సగం వరకు అట్ట కట్టి, పై సగం తెరిచి ఉంచండి. మిగతా కిటికీలు పూర్తిగా తెరిచి, వాటి బయట పది అడుగుల దాకా ఎవరూ నిలబడకుండా తాడు కట్టండి. సీలింగు ఫ్యాను గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది కానీ కొత్త గాలి తీసుకురాదు. పైగా బ్యాలెట్ పత్రాలు, చీటీలు ఎగరగొడుతుంది. టేబుల్ ఫ్యానును ఒక కిటికీలో బయటకు ముఖం పెట్టి తిప్పితే లోపలి గాలి బయటకు పోయి, తలుపు వైపు నుంచి కొత్త గాలి వస్తుంది.

గాలి ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. గది మధ్యలో రెండు అగరుబత్తులు వెలిగించి, ఐదు నిమిషాలు గమనించండి. పొగ కిటికీ వైపు సాగిపోతే మంచిది. ఏజెంట్లు కూర్చునే మూలలో తిరుగుతూ నిలబడిపోతే బల్లలు అక్కడి నుంచి జరపాలి. శానిటైజర్ డబ్బాలు బయట పెట్టాకే ఈ పరీక్ష చేయండి.

ఏజెంట్ల విషయం సున్నితమైనది. వాళ్లు గదిలో ఉండడం వాళ్ల హక్కు, మీకు రక్షణ కూడా. సర్పంచ్ అభ్యర్థుల తరఫున, వార్డు అభ్యర్థుల తరఫున కలిపి ఎనిమిది మంది వచ్చారంటే బడి గది నిండిపోతుంది. వాళ్లను తలుపుకు దగ్గరగా, అయితే దారికి అడ్డం కాకుండా, రెండు వరుసల్లో ఎడంగా కూర్చోబెట్టండి. ఇప్పుడు పలక సంగతి. పోలింగ్ అధికారి మాస్కులోంచి ఓటరు పేరు, సంఖ్య చదివితే ఎవరికీ వినపడదు. "ఎవరండీ? ఎవరు?" అంటూ ఏజెంట్లంతా లేచి బల్ల మీదికి వంగుతారు. ఉదయం ఏడున్నరకు మా గదిలో ఇదే జరిగింది. ఐదుగురు తలలు ఒకే ఓటర్ల జాబితా మీద ఆనించారు. పక్క తరగతి గదిలోంచి పలక తెప్పించి, ఓటరు వరుస సంఖ్య పెద్దగా రాసి పైకెత్తి చూపించాం. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరూ కుర్చీ దిగలేదు. ఒకటి చూపిస్తుంటే ఇంకొకటి తుడుచుకోవచ్చు కాబట్టి రెండు పలకలు ఉండాలి.

4. శుభ్రం చేయించడం

ముందు రోజు గదులు కడిగించి, బల్లలు, తలుపు గొళ్లేలు ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిపించండి. ఐదు శాతం ద్రవం దొరికితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలపాలి. బ్లీచింగ్ పొడిని ఫినాయిల్‌తో, యాసిడ్‌తో కలపవద్దు. ఆ ఘాటుకు ఊపిరాడదు. ఇనుప బ్యాలెట్ పెట్టెలకు ఈ ద్రావణం తగిలితే తుప్పు పడుతుంది, వాటిని శానిటైజర్ గుడ్డతో తుడిస్తే చాలు. ఊరంతా పిచికారీ చేయించడం చూడడానికి బాగుంటుంది తప్ప, ఆ డబ్బుతో ఇంకో షామియానా తెప్పించడమే నయమని నా అభిప్రాయం.

5. సిబ్బంది, సామగ్రి

బూత్‌లో కంటే పెద్ద గుంపు ముందు రోజు మండల కేంద్రంలో సామగ్రి పంపిణీ దగ్గర ఉంటుంది. మీరు మండల స్థాయిలో ఉంటే రూటు వారీగా వేర్వేరు వేళలు ఇచ్చి, మైకులో పిలిచి, చెట్ల కింద బల్లల దగ్గర ఇవ్వండి. హాలు లోపల వద్దు. మీరు ప్రిసైడింగ్ అధికారి అయితే మీ బృందంలో ఒక్కరినే లోపలికి పంపి, మిగతావాళ్లను బయట ఉంచండి. బస్సులో కిటికీలు తెరిచి కూర్చోండి. సామగ్రి సరిచూసుకోవడం మాత్రం బస్సెక్కకముందే జరగాలి. స్వస్తిక్ ముద్రలు, సిరా సీసా, బ్యాలెట్ పత్రాల వరుస సంఖ్యలు, మీ వార్డు ఓటర్ల జాబితా, ఈ నాలుగూ కంటితో చూడనిదే సంతకం చేయవద్దు.

సిబ్బందిలో గర్భిణులు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారు ఉంటే శిక్షణ రోజునే రాతపూర్వకంగా తెలపండి, ప్రత్యామ్నాయంగా మరొకరిని అడగండి. ఉత్తరప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో పంచాయతీ ఎన్నికల విధుల తర్వాత ఉపాధ్యాయుల మరణాలు ఎంత పెద్ద వివాదమయ్యాయో గుర్తుంచుకోండి.

వరుసలు సర్దడానికి ఊళ్లోని ఉత్సాహవంతులైన కుర్రాళ్లను పెట్టుకోవద్దు. ప్రతి కుర్రాడూ ఎవరో ఒకరి మనిషే. 2021లో గ్రామ వాలంటీర్లను ఎన్నికల పనులకు దూరంగా ఉంచాలని రాష్ట్ర ఎన్నికల సంఘం ఆదేశించింది కూడా. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పోలీసు సిబ్బంది చాలు. గేటు దగ్గర ఒక ఆశా, గదుల ముందు మరొకరు.

6. ముందుగా గుర్తించవలసిన ఓటర్లు

వృద్ధులకు, దివ్యాంగులకు వేరే వరుస ఉండాలన్నది అందరికీ తెలిసిందే. మన జిల్లాలకు ప్రత్యేకమైనవి మరో రెండున్నాయి.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల ఉద్దానంలో కిడ్నీ రోగులు ఎక్కువ. వారిలో డయాలసిస్ చేయించుకునేవారికి వారంలో రెండు మూడు రోజులు ఆసుపత్రికి పోక తప్పదు, ఏ అంటువ్యాధి అయినా వారికి మామూలు మనిషికంటే ప్రమాదం. పోలింగ్ రోజు ఎవరికి డయాలసిస్ ఉందో ఆశా కార్యకర్త ద్వారా తెలుసుకుని, వారు ఏ వేళకు వచ్చినా వరుసతో పని లేకుండా నేరుగా లోపలికి పంపించే ఏర్పాటు చేయండి. ఆ పేర్ల జాబితాను గోడకు అంటించడం, ఏజెంట్లకు చూపించడం చేయవద్దు. అది వారి సొంత విషయం.

రెండోది వలస వెళ్లినవారు. చెన్నై, హైదరాబాద్, విజయవాడల నుంచి అభ్యర్థులు మాట్లాడిన బస్సుల్లో పోలింగ్ ముందు రాత్రో, ఆ రోజు పొద్దున్నో దిగుతారు. రాత్రంతా మూసిన బస్సులో కలిసి ప్రయాణం చేసిన నలభై మంది ఒకేసారి గేటు దగ్గరికి వస్తారు. వారిని అనుమానంగా చూడవద్దు, విడదీయండి: వేరే వైపు నీడలో కూర్చోబెట్టి, టోకెన్లు ఇచ్చి, ఐదుగురైదుగురిని పిలవండి.

7. గేటు దగ్గర స్కానర్

స్కానర్‌తో వచ్చే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. మొదటిది, యంత్రం శరీర ఉష్ణోగ్రతకు బదులు వస్తువుల ఉష్ణోగ్రత కొలిచే స్థితిలో ఉండిపోవడం. అప్పుడు అందరికీ 33, 34 చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఉదయం ముందుగా మీ బృందంలో అందరికీ పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది. రెండోది, ఎండలో నడిచి వచ్చిన మనిషి నుదుటికి వెంటనే పెట్టడం. సముద్రపు ఒడ్డు నుంచి నేరుగా వచ్చిన మత్స్యకారుడికి జ్వరం లేకుండానే ఎక్కువ చూపిస్తుంది. నీడలో ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. రెండోసారీ ఎక్కువే ఉంటే రెండో రంగు టోకెను ఇచ్చి, చివరి గంటకు రమ్మని మర్యాదగా, పక్కకు పిలిచి చెప్పండి. అందరి ముందు "నీకు జ్వరముంది" అన్నారంటే ఆ మనిషి మళ్లీ రాడు, ఇంటివాళ్లూ రారు.

8. చేయి, సిరా, బ్యాలెట్: ఈ వరుస తప్పకండి

బ్యాలెట్ పత్రంతో ఓటు వేసే ఎన్నికల్లో శానిటైజర్ ఎంత మేలు చేస్తుందో అంత కీడూ చేస్తుంది. తడి చేతికి సిరా అంటదు, తడి వేలు పత్రాన్ని పాడుచేస్తుంది. కాబట్టి శానిటైజర్‌ను బల్ల మీద కాకుండా, వరుసలో బల్లకు ఐదారుగురి వెనక ఉండే చోట పెట్టండి. బల్ల దగ్గరకు వచ్చేసరికి చేతులు ఆరిపోతాయి.

ఆ తర్వాత క్రమం ఇది. ఓటరు తన చీటీ చూపిస్తాడు. పోల్చుకోవడానికి క్షణం పాటు మాస్కు దించమనండి, ఆ క్షణంలో మాట్లాడించవద్దు. సంతకం లేదా వేలిముద్ర. వేలిముద్ర వేసిన వేలిని గుడ్డతో శుభ్రంగా తుడిపించండి. లేకపోతే ఆ ముద్ర బ్యాలెట్ మీద పడి, లెక్కింపులో ఓటు చెల్లుతుందా లేదా అనే వాదన పుడుతుంది. ఎడమ చేతి చూపుడువేలికి సిరా. సిరా పెట్టాకే బ్యాలెట్ ఇవ్వండి. ఓటు వేసి వచ్చేలోపు అది చాలావరకు ఆరుతుంది. పత్రాన్ని మీరే ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, విప్పి ఇవ్వండి. మళ్లీ అదే మడతలో మడవమని చెప్పండి. అడ్డంగా ముందు మడిస్తే స్వస్తిక్ ముద్ర తడి ఎదుటి గుర్తు మీద అచ్చు పడుతుంది.

బయటకు వెళ్లే దారిలో శానిటైజర్ పెట్టవద్దు. పూర్తిగా ఆరని సిరా చెరిగిపోతుంది. గేటు దాటాక సబ్బు, నీళ్లు ఉంచండి, కావలసినవాళ్లు కడుక్కుంటారు.

9. చివరి గంట

2021లో 2.30 నుంచి 3.30 వరకు వ్యాధి సోకినవారికి కేటాయించారు. పీపీఈ కిట్టు వేసుకోవడానికి కొత్తవారికి పావుగంట పడుతుంది కాబట్టి 2.10కే ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టండి. పొద్దున్నుంచి వేసుకుని కూర్చోవద్దు; ఫిబ్రవరి మధ్యాహ్నానికే లోపల చెమట కాలువలు కడుతుంది, చూపు మసకబారుతుంది. విప్పేటప్పుడు ముందు చేతి తొడుగులు, తర్వాత గౌను, కళ్లద్దాలు, అన్నిటికీ చివర గది బయటకొచ్చాక మాస్కు.

ఆ వేళకు మామూలు ఓటర్లు ఇంకా వరుసలో ఉంటే వాళ్లను వెళ్లగొట్టే హక్కు మీకు లేదు. రెండు వరుసలను రెండు దారుల్లో విడదీసి, లోపల ఒక్కొక్కరినే ఉంచండి. సమయం ముగిసేసరికి ఆవరణలో ఉన్నవారికి వరుసలో చివరి మనిషి నుంచి ముందుకు చీటీలు ఇచ్చుకుంటూ రండి. ముందు నుంచి ఇస్తే వెనక కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు.

10. లెక్కింపు సాయంత్రం

పంచాయతీ ఎన్నికల్లో అదే సాయంత్రం లెక్కింపు ఉంటుంది. పగలంతా పాటించిన జాగ్రత్త ఇక్కడే గాలికి పోతుంది. అలసట, చీకటి, ఉత్కంఠ, ఒకే బల్ల చుట్టూ ఇరవై మంది. అన్నిటికంటే పెద్ద గదిని లెక్కింపుకు అట్టేపెట్టండి, లేకపోతే వరండాలో తెరలు కట్టి చేయడానికి రెండో దశ (పోలింగ్, లెక్కింపు చూసే) రిటర్నింగ్ అధికారి అనుమతి ముందే తీసుకోండి. పత్రాలను పాతికేసి కట్టలు కట్టేటప్పుడు ఉమ్మి తడితో వేలు తడుపుకునే అలవాటు అందరికీ ఉంటుంది; ప్రతి బల్ల మీద తడి స్పాంజి పెట్టండి. సందేహం వచ్చిన పత్రాన్ని ఒక్కరే పైకెత్తి అందరికీ చూపించాలి.

ఫలితం తర్వాత అదే రోజు ఉప సర్పంచ్ ఎన్నిక సమావేశం కూడా ఉంటుందని చాలామంది మరచిపోతారు. చేతులెత్తే పద్ధతిలో జరిగే ఆ ఎన్నికకు గెలిచినవారే కావాలి, వారి బంధువర్గం అక్కర్లేదు. గేటు దగ్గర పోలీసుకు ముందే చెప్పి ఉంచండి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. కవర్లకు లక్క ముద్ర వేయడానికి కొవ్వొత్తి వెలిగిస్తారు. శానిటైజర్‌లో ఉన్నది ఆల్కహాలు. మా బృందంలో ఒక సహాయకుడు చేతులకు శానిటైజర్ రాసుకుని, ఆరకముందే లక్క కరిగించబోయాడు. నీలి మంట చేతి వెనక పాకి, క్షణంలో ఆరిపోయింది. వెంట్రుకలు కాలి, రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. అదృష్టం బాగుండి కవర్లకు అంటుకోలేదు. లక్క పని మొదలయ్యే ముందు గదిలోని శానిటైజర్ అంతా బయటకు పంపించి, ఆ పని చేసేవారిని సబ్బుతోనే కడుక్కోమనండి.

11. తర్వాత

వాడిన మాస్కులు, కిట్లు రంగు సంచుల్లో కట్టి ఆరోగ్య సిబ్బందికి అప్పగించండి. బడి వెనక తగలబెట్టవద్దు, తర్వాతి వారం పిల్లలు ఆడుకునేది అక్కడే. లెక్కింపు వెంటనే జరగని ఎన్నికలైతే పెట్టెలు ఎక్కడ ఉంటాయో కూడా ఆలోచించాలి. 2021 ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జెడ్పీటీసీ పోలింగ్ జరిగితే లెక్కింపు సెప్టెంబరు 19న జరిగింది. వానాకాలం గడిచిన ఆ పెట్టెల్లో రాష్ట్రంలో కొన్నిచోట్ల తడిసిన, చెదలు పట్టిన పత్రాలు బయటపడ్డాయి. పెట్టెలను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టించండి.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

పోలింగ్ శాతం చూసి తృప్తి పడకండి. పోలింగ్ డైరీతో పాటు ఒక తెల్ల కాగితం మీద మీ కోసం ఇవి రాసుకోండి. ప్రతి గంటకు వరుసలో ఎందరున్నారు. ఎనిమిదింటికి, తొమ్మిదింటికి ఆ సంఖ్య 20 దాటిందా. రెండో రంగు టోకెన్లు ఎన్ని ఇచ్చారు, చివరి గంటలో వాటిలో ఎన్ని తిరిగి వచ్చాయి. పది ఇస్తే మూడే వచ్చాయంటే ఏడుగురు ఓటు కోల్పోయారు, అది మీ మాట తీరులో లోపం. చెల్లని ఓట్లలో తడి వల్ల, వేలిముద్ర వల్ల పాడైనవి ఎన్ని. రెండు మూడు మించితే శానిటైజర్ పెట్టిన చోటు తప్పు. ఇచ్చిన బ్యాలెట్లు, పెట్టెలో దొరికినవి సరిపోయాయా అన్నది ఎలాగూ చూస్తారు.

పోలింగ్ అయిన ఐదో రోజు, పదో రోజు, పద్నాలుగో రోజు మీ బృందంలో ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి ఆరోగ్యం అడగండి. ఎవరికైనా జ్వరం వస్తే ఏఎన్ఎంకు చెప్పి, మిగతావారిని అప్రమత్తం చేయండి. ఆ తెల్ల కాగితం ఒక ప్రతి మండల కార్యాలయంలో ఇచ్చి, ఇంకొకటి బడి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో పెట్టించండి. తర్వాతి ఎన్నికకు అదే గదికి వచ్చే అధికారికి ఆ గేటు వెడల్పు, ఏ కిటికీకి అట్ట కట్టాలో, టేబుల్ ఫ్యానుకు ప్లగ్గు ఎక్కడుందో అందులో దొరుకుతాయి.